ఆల్ ఇన్ వన్ అక్వేరియంలో హీటర్ ఏ అరలో పెట్టాలి?

సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చాం. తలుపు తీయగానే హాల్లోంచి గరగరమని శబ్దం. అక్వేరియం వెనక అరలో నీళ్లు అడుగంటిపోయి పంపు గాలి పీలుస్తోంది. ముందు భాగంలో నీళ్లు నిండుగానే ఉన్నాయి, చేపలు తిరుగుతున్నాయి. అమ్మయ్య అనుకుని మగ్గుతో చల్లటి నీళ్లు తెచ్చి పంపు ఉన్న అరలో పోశాను. టప్‌మని చిన్న చప్పుడు. హీటర్ గాజు గొట్టం నిలువునా చీలింది, ఆ వెంటనే మీటరు దగ్గర ట్రిప్ స్విచ్ పడిపోయి ఇల్లంతా కరెంటు పోయింది. సగం వరకు నీళ్లలోంచి బయటపడిన హీటర్ అప్పటికే కాలిపోయేంత వేడిగా ఉందని, దాని మీద చల్లటి నీళ్లు పోశానని తర్వాత అర్థమైంది.

హీటర్‌లో లోపం లేదు. పంపులో కూడా లేదు. నేను హీటర్ పెట్టిన చోటే తప్పు. ఆ తర్వాత నా ట్యాంకులోనూ, తెలిసినవాళ్ల ట్యాంకుల్లోనూ హీటర్ రకరకాల చోట్ల పెట్టి చూశాం. ఎక్కడ పెడితే ఏం లాభం, ఏం నష్టం అన్నది ఇక్కడ రాస్తున్నాను.

మామూలు అక్వేరియంకీ ఆల్ ఇన్ వన్‌కీ ఉన్న తేడా తెలిస్తే సగం సమాధానం దొరికినట్టే. ఇందులో ఫిల్టర్ బయట వేలాడదు. ట్యాంకు వెనక భాగాన్నో పక్క భాగాన్నో ఒక గోడతో వేరు చేసి, దాన్ని మళ్లీ రెండు మూడు అరలుగా విడగొడతారు. చేపలున్న భాగంలోని నీళ్లు గోడ పైన దువ్వెన పళ్లలా ఉండే సందుల్లోంచి మొదటి అరలోకి దూకుతాయి. అక్కడి నుంచి స్పాంజి, కార్బన్, సిరామిక్ రింగులు ఉన్న మధ్య అరకు వెళ్తాయి. చివరి అరలో ఉన్న పంపు వాటిని తిరిగి చేపల వైపు తోస్తుంది. రెడ్ సీ మ్యాక్స్ నానో, బయోక్యూబ్, ఫ్లూవల్ ఈవో లాంటివాటి కొలతలు వేరైనా నడక దాదాపు ఇదే.

తగ్గిన నీళ్లన్నీ ఒకే అరలో కనిపిస్తాయి

ట్యాంకులో నీళ్లు రోజూ ఆవిరవుతాయి. మామూలు ట్యాంకులో ఒక లీటరు తగ్గితే మట్టం అర అంగుళం కూడా దిగదు, మనం గమనించం కూడా. ఆల్ ఇన్ వన్‌లో అలా కాదు. చేపలున్న భాగంలో మట్టాన్ని ఆ దువ్వెన పళ్ల ఎత్తు నిర్ణయిస్తుంది. పంపు నడుస్తున్నంతసేపూ అక్కడ నీళ్లు ఒకే ఎత్తులో నిలబడతాయి. ఆవిరైన నీళ్ల లోటు మొత్తం పంపు ఉన్న అర మీద పడుతుంది.

నా పంపు అర లోపలి కొలత 12 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లు. అంటే అడుగు వైశాల్యం 120 చదరపు సెంటీమీటర్లు. ట్యాంకు మొత్తంలో ఒక లీటరు ఆవిరైతే ఈ అరలో మట్టం 8 సెంటీమీటర్లకు పైగా పడిపోతుంది. మూత లేని నా 40 లీటర్ల ట్యాంకులో చలికాలంలో, ఫ్యాను లేనప్పుడు, రోజుకు పావు లీటరు పైనే పోతుంది. నాలుగు రోజుల్లో లీటరు. సంక్రాంతికి జరిగింది సరిగ్గా ఇదే.

హీటర్ వేసినప్పుడు గది కంటే నీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి ఆవిరి ఇంకా పెరుగుతుంది. అంటే హీటర్ ఎక్కువగా పనిచేసే రోజుల్లోనే పంపు అర కూడా త్వరగా ఖాళీ అవుతుంది.

కాబట్టి చోటు ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది వెడల్పు కాదు, దాక్కుంటుందా లేదా అన్నదీ కాదు. అక్కడ నీటి మట్టం ఎప్పుడూ దిగకూడదు, నీళ్లు ఎప్పుడూ కదులుతుండాలి. ఈ రెండూ కుదిరిన చోటే హీటర్‌కి సరైన చోటు.

ముందు మగ్గు పరీక్ష చేయండి

కంపెనీ బొమ్మలు చూసి ఏ అర మట్టం నిలకడగా ఉంటుందో చెప్పడం కష్టం. అడ్డగోడల్లో కొన్నిటి మీద నుంచి నీళ్లు దూకుతాయి, కొన్నిటి కింద నుంచి పారతాయి. మీద నుంచి దూకితే ముందున్న అర మట్టం నిలబడుతుంది. కింద నుంచి పారితే రెండు అరలూ కలిసి ఒకే అరలా దిగుతాయి.

ట్యాంకు ఎప్పటిలా నింపి పంపు నడవనివ్వండి. హీటర్ ప్లగ్గు తీసే ఉండాలి. ప్రతి అరలో నీళ్లు ఎక్కడున్నాయో బయట నుంచి టేపు ముక్కతోనో మార్కర్‌తోనో గుర్తు పెట్టండి. పంపు అరలోంచి మగ్గుతో నెమ్మదిగా ఒక లీటరు తీయండి. రెండు నిమిషాలు ఆగి చూడండి. గుర్తు నుంచి దిగిన అరలన్నీ హీటర్‌కి ప్రమాదమే. కదలని అర మీకు కావలసింది.

తర్వాత తీసిన నీళ్లు తిరిగి పోసి, పంపు ఆపి పది నిమిషాలు చూడండి. కరెంటు పోయినప్పుడు ఏం జరుగుతుందో ఇది చూపిస్తుంది. చేపల వైపు మట్టం ఒకటి రెండు సెంటీమీటర్లు దిగుతుంది, వెనక అరలు నిండుతాయి. వెనక పెట్టిన హీటర్‌కి దీనివల్ల ఇబ్బంది లేదు. ముందు భాగంలో నీటి అంచు దాకా నిలువుగా పెట్టిన హీటర్ తల మాత్రం బయటపడొచ్చు.

పంపు అర

ఎక్కువమంది మొదట హీటర్ పెట్టేది ఇక్కడే. నేనూ అంతే. అర వెడల్పుగా ఉంటుంది, హీటర్ కనిపించదు, వేడి నీళ్లు నేరుగా పంపు నోట్లోకి వెళ్లి చేపల వైపు చేరతాయి. నీళ్ల కదలిక బాగుంటుంది. మట్టం ఒక్కటే సమస్య, కానీ ఆ ఒక్కటీ చాలా పెద్దది. ఆవిరితో మాత్రమే కాదు, స్పాంజి మురికితో పూడుకుపోయినా ఈ అర ఖాళీ అవుతుంది. మధ్య అర నుంచి నీళ్లు రావడం తగ్గిపోతుంది, పంపు మాత్రం తోసేస్తూనే ఉంటుంది. ఇది ఒక్క రాత్రిలో కూడా జరగొచ్చు.

ఆటో టాప్ ఆఫ్ పరికరం ఉంటే ఈ అర మీద నా అభిప్రాయం మారుతుంది. అది మట్టం తగ్గగానే పక్కనున్న డబ్బాలోంచి కొంచెం కొంచెం నీళ్లు పోస్తుంది. పగడాలు పెంచేవాళ్లలో చాలామంది దాన్ని ఎలాగూ పెడతారు, ఎందుకంటే నీళ్లు ఆవిరైతే ఉప్పు శాతం పెరిగిపోతుంది. వాళ్లు హీటర్‌ని పంపు అరలో పెట్టడం తప్పు కాదు. అయినా నిలువుగా కాకుండా అడుగుకి దగ్గరగా, అడ్డంగా పెట్టండి. డబ్బాలో నీళ్లు అయిపోయినా ఇంకొక రోజు గడువు దొరుకుతుంది. ఆ హీటర్ పూర్తిగా మునిగేలా తయారైనదా, అడ్డంగా పెట్టొచ్చా అన్నది పెట్టె మీద చూసుకోవాలి.

టాప్ ఆఫ్ లేకుండా, రోజూ చేత్తో నీళ్లు పోస్తాను అనుకుంటే మాత్రం వద్దనే చెబుతాను. రోజూ పోసేవాళ్లు కూడా ఏదో ఒక పెళ్లికో పండక్కో ఊరెళ్తారు.

మొదటి అర

దువ్వెన పళ్లలోంచి నీళ్లు దూకే అర. చాలా ట్యాంకుల్లో మగ్గు పరీక్షలో ఇది కదలదు. నీళ్లు ఆగకుండా పడుతుంటాయి కాబట్టి వేడి ఒకచోట నిలవదు. చేపలకు హీటర్ తగలదు, ముందు నుంచి కనిపించదు. ఇప్పుడు నా హీటర్ ఉన్నది ఇక్కడే. మిమ్మల్ని కూడా ముందు ఇక్కడే ప్రయత్నించమంటాను.

ఒక అనుమానం చాలామందికి వస్తుంది. హీటర్ వెనక ఉంటే వెనక నీళ్లే వేడెక్కి, చేపల వైపు చల్లగా ఉండిపోతుందేమోనని. లెక్క వేసి చూద్దాం. గంటకు 400 లీటర్లు తోసే పంపు ఉందనుకోండి. అందులో 50 వాట్ల హీటర్ నిరంతరం వెలుగుతున్నా, దాన్ని దాటి వెళ్లే నీళ్లకు చేరే వేడి డిగ్రీలో పదో వంతు మాత్రమే. అంటే వెనకకూ ముందుకూ తేడా థర్మామీటర్‌లో కనిపించనంత తక్కువ. పంపు నడుస్తున్నంత కాలం హీటర్ ముందుందా వెనకుందా అన్నది చేపకు తెలియదు.

ఈ అరతో వచ్చే చిక్కు ఇరుకు. కొన్నిటిలో ఇది మూడు నాలుగు సెంటీమీటర్ల సందు మాత్రమే. గాజు హీటర్ గొట్టం సన్నగానే ఉంటుంది కానీ, పైన ప్లాస్టిక్ తల, రబ్బరు కప్పులు కలిపితే పట్టకపోవచ్చు. హీటర్ కొనే ముందే లోపలి వెడల్పు, లోతు స్కేలుతో కొలిచి పెట్టుకోండి. గొట్టం చుట్టూ కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. గోడకు ఆనుకుంటే అక్కడ నీళ్లు కదలవు. చలికాలం మధ్యలో కంగారుగా కొని, తీరా పట్టక షాపుకి తిరిగి వెళ్లినవాళ్లు నాకు తెలుసు.

ఇంకొకటి. ఆకులో, నాచో, చచ్చిన మొక్కల ముక్కలో దువ్వెన పళ్లను మూసేస్తే ఈ అరలోకి కూడా నీళ్లు రావు. మొక్కలు ఎక్కువగా ఉన్న ట్యాంకులో ఆ పళ్లను వారానికి ఒకసారి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. ఈ అరలో పైన తట్ట పెట్టి ఫిల్టర్ దూది వేసి ఉంటే, దాని కింద నీళ్లు నిండుగా ఉన్నాయా, కేవలం చినుకుల్లా పడుతున్నాయా అన్నది కూడా చూడండి. చినుకులు పడే చోట హీటర్ పెట్టకూడదు.

మధ్య అర

మొదటి అరలో పట్టకపోతే రెండో ఎంపిక ఇది, మగ్గు పరీక్షలో మట్టం కదలకపోతేనే. సాధారణంగా స్పాంజి, రింగుల బుట్ట ఈ అరంతా ఆక్రమించి ఉంటాయి. హీటర్ కోసం ఒక బుట్ట తీసేస్తే ఫిల్టర్ బలం తగ్గుతుంది. స్పాంజి హీటర్‌కి ఆనుకుని ఉండకూడదు, ఆనితే ఆ చోట నీళ్లు ఆగి గాజు మితిమీరి వేడెక్కుతుంది. చోటు నిజంగా ఉంటేనే పెట్టండి, ఇరికించొద్దు.

చేపలున్న భాగం

అందం చెడుతుందని దీన్ని చాలామంది ముందే కొట్టిపారేస్తారు. నేను అలా అనను. చిన్న ట్యాంకుల్లో కొన్నిసార్లు ఇదే సరైన చోటు. ఫ్లూవల్ స్పెక్ 19 లీటర్ల ట్యాంకులో అరలు పక్కన ఇరుకుగా ఉంటాయి, పొడుగు స్పాంజి చాలావరకు తినేస్తుంది. అలాంటప్పుడు పంపు అరలో ఇరికించి రోజూ టెన్షన్ పడే కంటే, చేపల వైపు చిన్న హీటర్ పెట్టి ఒక మొక్క వెనక దాచడం మేలు.

నీళ్లు ఆవిరైనా ఇక్కడ మట్టం పడదు. పంపు ఆగిపోయినా, వేడెక్కిన నీళ్లు పైకి లేచి చల్లవి కిందికి దిగుతూ ఎంతో కొంత కలుస్తాయి, చేపలకు వెచ్చదనం అందుతుంది. వెనక పెట్టిన హీటర్‌కి ఈ లాభం లేదు. పంపు ఆగితే వెనక అరలో ఉన్న రెండు మూడు లీటర్లను మాత్రమే అది కాస్తుంది.

నష్టాలూ ఉన్నాయి. బెట్టా లాంటి చేపలు హీటర్ మీద వాలి పడుకుంటాయి, గాజుకు అతుక్కునే ప్లీకోలకు కాలిన మచ్చలు పడొచ్చు. ప్లాస్టిక్ గార్డు ఉన్న హీటర్ తీసుకోండి. ఇసుకలో, గులకరాళ్లలో కూరుకుపోకుండా అడుగు నుంచి కొంచెం ఎత్తులో పెట్టండి. పంపు నుంచి నీళ్లు వచ్చే గొట్టం దగ్గరగా ఉంటే వేడి త్వరగా పరుచుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, నీళ్లు మార్చే రోజు. వెనక పెట్టిన హీటర్ చాలా ట్యాంకుల్లో నీళ్లు మార్చేటప్పుడు కూడా మునిగే ఉంటుంది. ముందు పెట్టినది మాత్రం సగం నీళ్లు తీయగానే బయటపడుతుంది. ఎక్కడ పెట్టినా సరే, ప్లగ్గు తీసి పావుగంట చల్లారనిచ్చాకే బకెట్టు పట్టుకోండి.

గొట్టం మధ్యలో అమర్చే ఇన్‌లైన్ హీటర్లు బయట పెట్టే క్యానిస్టర్ ఫిల్టర్ ఉన్నవాళ్లకు. ఆల్ ఇన్ వన్‌లో పంపు గొట్టం లోపలే ఉంటుంది కాబట్టి వాటి గురించి ఆలోచించనక్కర్లేదు.

కంట్రోలర్ ఉంటే సెన్సార్ ఎక్కడ?

హీటర్‌లో ఉండే థర్మోస్టాట్ ఎప్పుడో ఒకప్పుడు అతుక్కుపోతుంది. ఆపాల్సిన చోట ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది. 40 లీటర్ల నీళ్లలో 100 వాట్ల హీటర్ ఇలా ఇరుక్కుంటే మొదట్లో గంటకు సుమారు 2 డిగ్రీలు పెరుగుతాయి. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి చేపలు ఉండవు. అందుకే నీళ్ల వేడిని సెన్సార్‌తో చూసి హీటర్‌ని ఆన్, ఆఫ్ చేసే ఇంక్‌బర్డ్ లాంటి బయటి కంట్రోలర్ పెట్టి, హీటర్‌ని దానికి తగిలించడం మంచి అలవాటు. హీటర్ సొంత థర్మోస్టాట్‌ని కంట్రోలర్ కంటే ఒక డిగ్రీ ఎక్కువకు పెట్టండి. రెండిట్లో ఏది చెడినా ఇంకొకటి ఆపుతుంది.

సెన్సార్‌ని చేపల వైపు పెట్టాలని అనిపిస్తుంది, ఎందుకంటే మనకు కావలసింది అక్కడి ఉష్ణోగ్రత. కానీ హీటర్ వెనక, సెన్సార్ ముందు ఉండగా పంపు ఆగిపోతే? ముందు నీళ్లు చల్లబడుతుంటాయి, సెన్సార్ ఇంకా కాయమంటూ ఉంటుంది. వెనక అరలో మూడు లీటర్లే ఉంటే 50 వాట్ల హీటర్ వాటిని గంటకు 14 డిగ్రీల వేగంతో వేడి చేస్తుంది. సొంత థర్మోస్టాట్ లేని టైటానియం హీటర్ అయితే ఆపేవాళ్లే ఉండరు. అందుకే సెన్సార్ హీటర్ ఉన్న అరలోనే పెట్టండి, గాజుకు తగలకుండా. పంపు నడుస్తుంటే రెండు వైపులా ఒకే వేడి అని పైన చూశాం కాబట్టి కొలతలో నష్టం లేదు. చేపల వైపు చూసుకోవడానికి ఒక మామూలు థర్మామీటర్ చాలు.

ఎన్ని వాట్లు

చోటు దొరికాక వాట్లు చూసుకోవాలి. లీటరుకు ఒక వాటు అనే లెక్క చల్లని దేశాల్లో బాగా నడుస్తుంది. మన దగ్గర అంత అవసరం పడదు. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు బయట 12-15 డిగ్రీలకు దిగినా, ఇంట్లో ట్యాంకు నీళ్లు 20-21 దగ్గర ఆగుతాయి. అక్కడి నుంచి 25-26కి తేవడానికి 40 లీటర్లకు 50 వాట్లు సరిపోయాయి నాకు. ఆదిలాబాద్‌లోనో అరకులోనో ఉంటే 75 తీసుకోండి. విశాఖ, కాకినాడ తీరంలో గప్పీలు, మాలీలు పెంచేవాళ్లకు చాలా ఇళ్లలో హీటరే అక్కర్లేదు. 28 డిగ్రీలు కావాలనే డిస్కస్ చేపలు పెంచితే ఎక్కడున్నా కావాలి.

వంద లీటర్ల ట్యాంకు అయితే ఒక పెద్దదాని బదులు రెండు 50 వాట్లవి తీసుకోవడం నాకు ఇష్టం. ఒకటి మొదటి అరలో, ఇంకొకటి మధ్య అరలోనో చేపల వైపో. ఒకటి ఇరుక్కున్నా ట్యాంకు మొత్తం ఉడికిపోదు, ఒకటి చచ్చిపోయినా రాత్రికి రాత్రి గడ్డకట్టినట్టు చల్లబడదు.

అమెరికాలో ఉన్న పిల్లలతోనో బంధువులతోనో మంచి హీటర్ తెప్పించుకుందామని చూసేవాళ్లకు ఒక మాట. అక్కడి హీటర్ 120 వోల్టులది. దాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే 50 వాట్లది దాదాపు 180 వాట్లు లాగుతుంది, నిమిషాల్లో కాలిపోవచ్చు. ఇక్కడి నుంచి అక్కడికి తీసుకెళ్తే దాదాపు పావు వంతు వేడే ఇస్తుంది, మిషిగన్ చలికి అది ఏ మూలకీ చాలదు. హీటర్ ఎక్కడ వాడతారో అక్కడే కొనండి.

పెట్టాక

వైరు ట్యాంకు నుంచి నేరుగా ప్లగ్గులోకి వెళ్లకూడదు. ముందు ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి ఎక్కేలా వదలండి. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపులోనే కింద పడిపోతుంది. ఎర్త్ సరిగా ఉన్న ప్లగ్గు పాయింట్ వాడండి, ఇంట్లో కరెంటు లీకైతే పడిపోయే 30 మిల్లీ ఆంప్స్ ట్రిప్ స్విచ్ (ఆర్‌సీసీబీ) లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించండి. ఆ సంక్రాంతికి నా చెయ్యి కాపాడింది అదే.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో హీటర్ మీద తెల్లటి పొర పేరుకుంటుంది, వేడి నీళ్లకు సరిగా అందదు. రెండు నెలలకోసారి ప్లగ్గు తీసి, చల్లారాక, గొట్టాన్ని కాసేపు వెనిగర్‌లో నానబెట్టి కడిగితే పోతుంది. తగ్గిన నీళ్లకు బదులు ఆర్వో నీళ్లు పోస్తే పొర అంతగా పట్టదు.

హీటర్ కొత్తగా పెట్టిన మొదటి మూడు రోజులు రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున అయిదు గంటలకు ఒకసారి చేపల వైపు థర్మామీటర్ చూడండి. రెండిటి మధ్య తేడా ఒక డిగ్రీ లోపు ఉంటే చోటూ వాట్లూ కుదిరినట్టే. తెల్లవారుజామున అంతకంటే పడిపోతుంటే, పెద్ద హీటర్ కొనేముందు దువ్వెన పళ్లు, స్పాంజి శుభ్రం చేసి పంపు బలంగా తోస్తోందో లేదో చూడండి. మా పక్కింటివాళ్ల ట్యాంకులో మూడు వారాలు నీళ్లు చల్లగా ఉండటానికి కారణం మురికి పట్టిన స్పాంజే. అది కడిగిన రాత్రి నుంచి పాత 50 వాట్ల హీటరే సరిపోయింది.